తాండ్ర పెట్టె

మా బొబ్బిలిలో నా చేతికి తెలిసిన పెట్టె ఒక్కటే.
లోపల వీణ పడుకుంటుంది.
మెడకి దూదిమెత్త, కుండకి గుడ్డచుట్ట,
వేలు దూరే సందు కూడా ఉంచను.
కదిలిందా, పగిలిందే.
ఇన్నేళ్ళలో, ఎంత దూరం పోయినా,
నా పెట్టెలో ఒక్క మెట్టు ఊడలేదు.

మార్చిలో నర్సు సలోమీ వచ్చింది.
వెనకాలే తాడు లేకుండా ఒక ఊరకుక్క,
మామిడితాండ్ర రంగు, పేరూ అదే.
"పూణేలో ఉద్యోగం బాబాయ్.
రైలంటే ఈ ఎండలో గార్డు డబ్బాలో కుదెయ్యాలి.
విమానంలో తీసుకెళ్తాను. పెట్టె కావాలి."

కాగితం తీసి చదివింది.
నిలబడితే తల తగలకూడదు.
చుట్టూ తిరిగి మళ్ళీ అదే చోట పడుకోగలగాలి.
నాలుగు వేపులా గాలి.

నాకు నవ్వొచ్చింది.
సగం పెట్టె ఖాళీయే చెయ్యమంటావేటమ్మా,
ఖాళీకి కూలెంత తీసుకోను?

కొలుస్తుంటే టేపుని నాకింది.
చెవులు నిలబెడితే ఒక ఎత్తు,
నన్ను చూసి వాల్చితే ఇంకో ఎత్తు.
నిలబెట్టిందే రాయరా, అన్నాను మా గుంటడితో.

పనస వద్దన్నాను.
పాడుతుంది గానీ బరువు, అక్కడ తూకానికే డబ్బు.
ప్లైవుడ్డు. మేకులు కాదు, బోల్టులు.
తలుపుకి ఇనప జాలీ, జాలీకి నీళ్ళగిన్నె,
తలుపు తియ్యకుండానే బయటనుంచి పొయ్యొచ్చు.
పక్క సూట్‌కేసు ఆనుకుని కన్నాలు మూసెయ్యకుండా
చుట్టూ పొడుచుకొచ్చిన కర్రబద్ద.
చివరికి నేనే తల దూర్చి
చెంపతో గోడలు రాసి చూసేను
ఎక్కడైనా పేడు గుచ్చుకుంటుందేమోనని.
లోపల
నా ఊపిరే నాకు పెద్దగా వినబడింది.

మూడు వారాల ముందే పట్టుకుపోయింది.
మొదటి రోజు దాని మీద కాలెత్తిందట.
తరవాత అన్నం కోసం మెడ దాకా,
వెనక కాళ్ళు మాత్రం బయటే, పారిపోడానికి.
పదో రోజు లోపలే నిద్ర,
సలోమీ పాత చీరముక్క మీద.

ఎదురింటాయన సలహా ఇచ్చేడు:
నిద్రమాత్ర వేసెయ్, గొడవుండదు.
పశువుల డాక్టరు చెయ్యి అడ్డంగా ఊపేడు.
"పైన దాని ఊపిరి అదే చూసుకోవాలి.
మెలకువగానే వెళ్ళనీ."
టీకా కాగితం మీదా, ఆరోగ్యం కాగితం మీదా సంతకం పెట్టి
చెవి నిమిరి పంపేడు.

విశాఖ దాకా నేనూ వెళ్ళేను,
స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని.
పెట్టె మీద ఎర్రరంగుతో బాణం గీసేను, పైకి.
దాని కింద తెలుగులో, 'లోపల ప్రాణం ఉంది.'
ఎవరు చదువుతారని గుంటడు నవ్వేడు.

సామాన్లెత్తే కుర్రాడు వంగి చదివేడు.
"ఏ వూరు బావూ?"
"బొబ్బిలి."
"మాది చీపురుపల్లే."
అంతే. ఇంకేం అనలేదు.
అవతలి మనిషిని పిలిచేడు.
ఇద్దరూ కలిసి ఎత్తేరు
నిండుబిందె ఎత్తినట్టు, ఒక పక్కకి ఒరగకుండా.
తాండ్ర నన్ను చూడలేదు.
సలోమీ వెళ్ళిన వేపే చూసింది.

రాత్రి పదిన్నరకి ఫోను.
దిగిందట. ఒళ్ళు దులుపుకుందట.
తలుపు తీసినా కాసేపు బయటికి రాలేదట.
గిన్నెలో నీళ్ళున్నాయా, అడిగేను.
సగం ఉన్నాయంది.
అయితే ఎక్కువ ఊగలేదన్నమాట,
లేకపోతే తాగడానికి ధైర్యం చాల్లేదన్నమాట.
ఏదో తాండ్రకే తెలుసు.

తరవాతి వారం వీణపెట్టెకి చెక్క కోస్తున్నాను.
చెయ్యి అలవాటు తప్పింది,
బెత్తెడు ఎక్కువ వదిలేసేను.
గుంటడు కొలిచి చూసి
రంపం పక్కన పెట్టి అడిగేడు:
"ఇదేటి మావా, ఈ వీణ లేచి తిరుగుద్దా?"